సాత్సుమా చిలగడదుంప, బస్తరు ఇప్పపువ్వు

బైలడీలా కొండలలోని ఇనుపరాతిని తమ కొలుములకు తరలించుకొనుటకై జపానుదేశపు ఉక్కు పరిశ్రమలవారు 1960లో భారత ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిన పిమ్మట, కేవలము ఆ రాతికొరకే కొత్తవలసనుండి కిరండూలువరకు తూర్పుకనుమలను తొలిచి రైలుమార్గము వేయుటయు, బస్తరు ఎర్రరాయి అరకులోయమీదుగా దిగివచ్చి విశాఖపట్టణపు రేవున ఓడలకెక్కుటయు ఉత్తరాంధ్రమున పుట్టినవారందరును ఎరిగిన కథయే. ఆ దారిని మన రాయి పోయినది, వారి డబ్బు వచ్చినది, యంత్రములు వచ్చినవి. కాని వారియొద్ద మనము, ముఖ్యముగా ఈ ఛత్తీస్‌గఢ్ సీమలో నివసించు తెలుగువారము, నేర్చుకొనదగిన విద్య యొకటి మాత్రము, ఉక్కుతో సంబంధము లేనిది గనుకనే కాబోలు, ఏ ఓడమీదను రాలేదు. తమ పల్లెటూరి సారాయమును ఆ జాతివారు తెలిసికొనిన తీరు, తెలిసికొని గౌరవించిన తీరు, నేను చెప్పదలచిన ఆ విద్య.

మా భిలాయిలో ఈ ప్రసక్తి తెచ్చుటయే కొంత సాహసము. ఈ ఊరు రష్యావారి చేయూతతో వెలసినది. 1955లో ఒప్పందము కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి విదేశీ మద్యమనగా ఇచ్చటి పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చునది వోడ్కాయే కాని సాకే కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము మండలములనుండి పనికై వచ్చి, సెక్టారు 5లో బాలాజీ మందిరమును నెలకొల్పుకొని, భాషను పండుగలను నిలుపుకొనిన మా తెలుగు కుటుంబములలో ఇప్పసారా అను మాట మర్యాదస్థుల నోట రాదు. వచ్చినను కూలిజనుల దురలవాటుగనే వచ్చును. ఆ మర్యాదస్థులే పెండ్లి విందులలో స్కాచి సీసాను బల్లపై నిలిపి, దాని పేరును, వయస్సును, పుట్టిన లోయను అందరికి వినబడునట్లు చదివి వినిపింతురు. త్రాగనివారిని త్రాగుడని చెప్పుట నా ఉద్దేశము కాదు. త్రాగెడి వస్తువేదియో తెలియక త్రాగుటయు, తెలియకయే నిందించుటయు ఒక్క అజ్ఞానమునుండియే పుట్టినవని మాత్రము నా అభిప్రాయము.

సాకే బియ్యముతో చేయునది. బియ్యమునందు పిండియే కాని చక్కెర లేదు. పిండి చక్కెరగా మారినగాని ఈస్టు దానిని మద్యముగా మార్చజాలదు. ఐరోపావారు బార్లీని మొలకెత్తించి ఆ కార్యమును సాధింపగా, జపానువారు ఆవిరిపై ఉడికించిన బియ్యముమీద కోజి అను ఒక బూజును జాగ్రత్తగా పెంచి, దానిచేత పిండిని చక్కెరగా విరిపింతురు. విశేషమేమనగా, ఒకే తొట్టిలో ఆ విరుగుటయు పులియుటయు జంటగా నడచుచుండును. చక్కెర కొంచెము కొంచెముగా పుట్టుచుండగా ఈస్టు దానిని అప్పటికప్పుడు హరించుచుండుటవలన, బట్టీ పెట్టకుండగనే సారము నూటికి 18, 20 పాళ్ళవరకు చేరును. దానికి నీరు చేర్చి 15, 16కు దించి సీసాలకెత్తుట పరిపాటి. గింజ పైపొరలలోని క్రొవ్వు, మాంసకృత్తులు రుచిని మోటు చేయునని బియ్యమును అరగదీయుదురు. గింజలో 60 పాళ్ళో అంతకు తక్కువయో మిగులునట్లు అరగదీసి చేసినది గిన్జో, సగమునకు దిగినది దైగిన్జో. బయటినుండి మద్యము చేర్పక బియ్యము, నీరు, కోజి, ఈస్టులతోనే ముగించినది జున్మై. మిక్కిలి అరగదీసినదానికి పండ్ల పరిమళము వచ్చును, దానిని చల్లగా పుచ్చుకొందురు; కిమొతో అను ప్రాచీన పద్ధతిని, పులుపు పుట్టించు సూక్ష్మజీవులను వాటంతట అవి పెరుగనిచ్చి చేసిన సాకే గంభీరముగా, ఒకింత పుల్లగా ఉండును, దానిని వెచ్చజేసికొని చలికాలపు భోజనముతో సేవింతురు. సరిగా వడపోయక తెల్లగా విడిచినది నిగొరి. కాచి నిలువచేయక పచ్చిగా అమ్మునది నామజాకే. ఒక్క బియ్యమునుండి పుట్టిన ఈ భేదములన్నిటిని త్రాగువాడు ఎరిగియుండుట అచ్చట వింత కాదు.

నీటి విషయమున వారు చూపిన పట్టుదల నాకు మరింత ముచ్చట గొలుపును. 1840 ప్రాంతమున యమమురా తజాయెమోన్ అను వర్తకునికి నాదా సీమలో రెండు సాకేశాలలుండెను. నిషినోమియాలోనిది ఎల్లప్పుడును రెండవదానికంటె మేలైన సాకే నిచ్చుచుండుట చూచి, అతడు మొదట బియ్యమును మార్చి చూచెను; పిదప పనివారిని మార్చి చూచెను; ఫలము లేకపోగా, తుదకు నిషినోమియా బావినీటిని పీపాలకెత్తించి రెండవ ఊరికి మోయించి వండించెను, అప్పుడు రెండును సమానమాయెను. ఇనుము దాదాపుగా లేని ఆ గట్టినీటికి మియమిజు అని పేరు నిలిచినది. మరి మెత్తనినీరు గల హిరోషిమావారు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. మియురా సెన్జబురో అను నతడు పందొమ్మిదవ శతాబ్దము ముగియులోపల, ఆ మెత్తని నీటికి తగినట్లు కోజిని పెంచి, చల్లదనమున మెల్లమెల్లగా పులియనిచ్చు పద్ధతిని కనిపెట్టెను. దోషమనుకొన్న నీరే ఆ సీమకు కీర్తి తెచ్చెను.

సాకే ధనికులది, పండుగలది, షోచు శ్రామికులది. ఇది బట్టీలో దించునది. కుమా లోయలో బియ్యముతో, ఇకి ద్వీపమున బార్లీతో, సాత్సుమా అనబడు కగోషిమా సీమలో చిలగడదుంపతో, అమామి దీవులలో నల్లబెల్లముతో చేయుదురు; ఓకినావాలో థాయిలాండు పొడుగుబియ్యముతో చేయు అవామొరి దీనికి అన్నగారి వంటిది. నిజమైన షోచును ఒక్కమారే దించుదురు గనుక ముడిసరుకు వాసన సారములో నిలిచిపోవును. మాటిమాటికి దించి వాసనలేని స్పిరిటు చేయుటలో గొప్ప యేమియు లేదని వారి తలంపు. దక్షిణపు వేడికి కుండ చెడిపోకుండ నిమ్మపులుపును పుట్టించు నల్లకోజి ఓకినావాలో వెలసినది. చిలగడదుంప 1705లో ఓకినావాకు పూర్వనామమైన ర్యూక్యూనుండి సాత్సుమాకు వచ్చినది. అగ్నిపర్వతపు బూడిదనేలలో వరి పండని రైతుకు అదియే అన్నము, అదియే పానీయమాయెను. షోచు అను మాట మొట్టమొదట వ్రాతలో కానవచ్చునది ఏ రాజశాసనములోనో కాదు: 1559లో కగోషిమాలోని కోరియామా హచిమాన్ గుడికి మరమ్మతు చేసిన వడ్రంగులు, పూజారి పరమలోభియై తమకొక్కనాడైనను షోచు పోయింపలేదని ఒక కొయ్యమీద గిలికి పోయిరి, ఆ గిలుకుడు దాదాపు నాలుగువందల యేండ్లు ఎవరి కంటను పడక 1954లో మరల మరమ్మతు జరిగినప్పుడు బయటపడెను. కూలివాని పానీయమునకు కూలివాని ఫిర్యాదే తొలి సాక్ష్యమగుట ఎంత సమంజసము!

టోకియోలో ఉద్యోగము చేయు మా మేనల్లుని ఇంట నేనీ షోచును మొదట రుచి చూచితిని. నేను తొందరపడి సీసా ఎత్తబోగా వాడు నా చేయి పట్టుకొని, "మామయ్యా, ముందు వేణ్ణీళ్ళు పోయాలి, ఆ తరువాతే ఇది. అప్పుడు గరిటె పెట్టి తిప్పకుండానే కలుస్తుంది" అనెను. అట్లే పోసితిమి. మట్టిగిన్నెలోని ఆవిరితోబాటు లేచిన వాసన, సంక్రాంతినాడు చిలగడదుంపలు ఉడికిన కుండమీద మూత తీసినప్పటి వాసనయే. సీసామీది చీటీని వాడు చదివి వినిపించెను: కొగనె సెన్గాన్ అను జాతి దుంప, నల్లకోజి, సారము 25 పాళ్ళు, దించిన ఊరు, దించిన ఇల్లు. ఒక్క గిన్నె ముగియుటకు గంట పట్టినది; ఏమనగా, మేము దానిని గూర్చి మాటలాడుచుంటిమి. మత్తుకొరకు త్రాగువానికి ఇట్టి మాటలతో పనియుండదు.

అయినను జపానువారు తమ షోచును ఆది నుండి నెత్తికెత్తుకొనిరని తలపరాదు. అది కంపు సారాయమని, ముతకజనుల వ్యసనమని నగరవాసులు చిరకాలము ఈసడించిరి. దుంప తవ్విన దినమునే వండుట, కుళ్ళిన కొనలను చేతితో కోసి పారవేయుట, తక్కువ ఒత్తిడిలో దించి ఘాటును తగ్గించుట మున్నగు శ్రద్ధలవలన అది క్రమముగా పైకివచ్చి, 2003లో దేశమున సాకేకంటె షోచుయే అధికముగా అమ్ముడయ్యెను. ఇకి, కుమా, ర్యూక్యూ అను పేర్లకు 1995లోను, సాత్సుమాకు 2005లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నియమము ప్రకారము కగోషిమాలో పండిన దుంపతో కగోషిమాలోనే చేసినదానికి తప్ప సాత్సుమా షోచు అను పేరు చెల్లదు. 2024 డిసెంబరులో కోజితో సాకే, షోచు, అవామొరి చేయు విద్యను యునెస్కోవారు మానవజాతి వారసత్వముగా ఎన్నుకొనిరి.

ఇక మన సీమకు వత్తము. ఇప్పపువ్వునకు కోజి అక్కరలేదు. చక్కెరను చెట్టే సిద్ధము చేసి యిచ్చును. చైత్రమాసమున, ఆకు రాల్చిన కొమ్మల కొనలనుండి తెల్లవారుజామున మీగడరంగు పూలు టపటప రాలును. రేకులు కండగలవి, వ్రేళ్ళకు జిగటగా అంటుకొనును. స్త్రీలును పిల్లలును చీకటితోనే బుట్టలు పట్టుకొని పోయి ఏరుదురు. ఎండుటాకులలో పువ్వు దాగునని చెట్టుక్రింది చెత్తకు నిప్పంటించు అలవాటు కలదు. అడవులు కాలుటకు అదియొక కారణము, దానిని మాన్పవలసినదే. ఎండినపువ్వు ముదురు గోధుమరంగుకు తిరిగి ముడుచుకొనును. దానిని నీట నానవేసి, నాలుగైదు దినములు పులిసి నురగ అణగిన పిమ్మట పొయ్యిమీదికెక్కించి, పై కుండలో చల్లనీరు మార్చుచు, వెదురుగొట్టముగుండ ధారను క్రిందికి దించుదురు. మొదటి ధారను నాలుగు చుక్కలు నిప్పుమీద చల్లి, అది నీలముగా భగ్గుమన్నదా లేదా అని చూచి బలము నిర్ణయించు ముసలివారు బస్తరులో నేటికిని కలరు. కొత్తపువ్వుది ఒకరుచి, ఏడాది నిలిచినదానిది ఒకరుచి. మట్టికుండది ఒకటి, అల్యూమినియపు బిందెది ఒకటి. బూజుపట్టిన పువ్వు వేసినది గ్రుక్కెడుతోనే పట్టుబడును. కాచువారికి ఇవన్నియు కరతలామలకములు. కొనువానికి అదంతయు ఒకటే సారా.

బియ్యపు పానీయము కూడ ఇచ్చట లేకపోలేదు. ఆవిరిపై ఉడికించిన బియ్యపుపిండిలో మొలకెత్తిన మొక్కజొన్న పొడి చేర్చి పులియబెట్టు లందా బస్తరు సంతలలో దొన్నెలతో అమ్మబడును; కోజి చేయు పనిని అందులో మొలక చేయును. సల్ఫీ అని వారనునది మన విశాఖమన్యపు జీలుగుకల్లే. జపానువారు సాకేకై యమదా నిషికి అను వరిని ప్రత్యేకముగా సృష్టించి 1936లో పేరు పెట్టుకొనిరి; మనయొద్దనో, డాక్టరు ఆర్.హెచ్. రిఛారియాగారు ఊరూర తిరిగి సేకరించిన వేలకొలది వరి రకములు రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున నిద్రించుచున్నవి. జీరాఫూల్, నగరీ దూబరాజ్ అను సువాసన బియ్యములకు భౌగోళిక గుర్తింపు సయితము వచ్చినది. ఏ వరితో లందా బాగుండునని అడిగిన పండితుడొక్కడును నాకు తారసపడలేదు.

ఈ నిరాదరణ దానంతట అది పుట్టినది కాదు. ఇంటింటి బట్టీలను మూయించి, కాచు హక్కును వేలములో గుత్తేదారునికి కట్టబెట్టి, పన్ను దండుకొనుట తెల్లదొరల అబ్కారీ నీతి. బొంబాయి ప్రాంతమున 1878లో అబ్కారీ చట్టమును, అది చాలక 1892లో కేవలము ఇప్పపువ్వుమీదనే మరియొక చట్టమును తెచ్చిరి. దొరలు పోయినను పద్ధతి పోలేదు. నేడు ఛత్తీస్‌గఢ్‌లో 2017నుండి ప్రభుత్వ సంస్థయే దుకాణములు నడపుచున్నది. షెడ్యూల్డు ప్రాంతముల గిరిజనులకు సొంతవాడుకకై కొలదిగా కాచుకొను వెసులుబాటు కలదు కాని, దానిని పేరుపెట్టి అమ్ముకొను త్రోవ లేదు. సర్కారు దుకాణములోని నాటు సీసాలకు ప్లెయిన్, మసాలా అని రెండే రెండు జాతులు. వాటి మూలము డిస్టిలరీ స్పిరిటే కాని అడవిపువ్వు కాదు. ఇప్పచెట్టు నీడన బ్రదుకు రాష్ట్రమునకు ఇదియొక విడ్డూరము.

ఇచ్చట నా మిత్రులు శంకర గుహా నియోగిగారి పేరు ఎత్తుదురు, ఎత్తవలసినదే. భిలాయి కొలుములకు రాయి నిచ్చు దల్లీ-రాజహరా గనులలో 1977నుండి కూలీల సంఘమును నిర్మించి, పెరిగిన కూలి సారా దుకాణము పాలగుట చూచి, మద్యమును మాన్పుటయే సంఘపు ప్రథమకార్యములలో నొకటిగా చేసి వేలమందిచేత ప్రమాణము చేయించిన ఆయన, 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఈ భిలాయిలోనే నిద్రలో తుపాకికి బలియయ్యెను. మన నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు అక్షరములు దిద్దుకొనుచునే సారా పాటలను అడ్డుకొనగా, 1993 అక్టోబరునుండి ఆంధ్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలినది. ఈ రెండు ఉద్యమములను నేను శిరసావహింతును. కాని అవి ఎవరిమీద లేచినవో మరువరాదు. కూలి దినమున గనిద్వారముకడ కాచుకొనియుండు గుత్తేదారునిమీద, పాకెట్టులోని స్పిరిటుమీద, దానిని రాబడిగా లెక్కించు ఖజానామీద లేచినవి. ఏటికొకమారు జాతరకు కుండలో కాచుకొనెడి పువ్వుమీద కాదు. నవాసారము కలిపిన గుడుంబాకును, శుభ్రమైన ఇప్పధారకును భేదమెరుగని చట్టము, చెడ్డదానిని ఆపలేక మంచిదానిని మాత్రము చంపినది.

జపానుప్రభుత్వము నిర్దోషియని నేనన్నచో అసత్యమగును. 1899లో వారును రైతు ఇంట దొబురోకు అను నాటు సాకేను వండుకొనుటను పన్నులకొరకై నిషేధించిరి. నూరేండ్ల పిమ్మటగాని కొన్ని ప్రత్యేక మండలములలో ఆ ముడి సడలలేదు. యుద్ధమువలన బియ్యము చాలక స్పిరిటును, చక్కెరను కలిపి మూడింతలు పెంచిన సాకేను దశాబ్దములపాటు జనులచేత త్రాగించిరి. వారు తప్పు చేసి దిద్దుకొనిరి. మనము దిద్దుకొనుటకు ఇంకను పూనుకొనలేదు.

పూనిక బొత్తిగా లేదనుట కూడ సరికాదు. గోవావారి జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పొరుగున మధ్యప్రదేశమువారు ఇప్పసారాను వారసత్వ మద్యముగా ప్రకటించి గిరిజన సంఘములచేత చేయింప మొదలిడిరి. తెలుగునేలమీదనే, చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి కలబందతో మద్యము దించు డెస్మండ్‌జీ అను చిన్న బట్టీవారు 2018లో ఇప్పపువ్వు సీసాను గోవా బజారున పెట్టిరి. మంచిదే. కాని గోవా హోటలులో ఆ సీసా వెల ఎంతయైనను, పువ్వు ఏరినదానికి దక్కినదెంత? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2020లో ఎండుపువ్వు మద్దతుధరను కిలోకు 17 రూపాయలనుండి 30కి పెంచినప్పుడు అది పెద్దవార్తయయ్యెను! సీసామీద అడవిబొమ్మ అచ్చువేసి, అడవిలోనివారిని పువ్వు అమ్ముకొనువారిగనే నిలిపివేయు వారసత్వమును నేను మెచ్చను. సాత్సుమా నియమములో నాకు నచ్చినది ఇదియే: పేరును పండించినచోటికి కట్టివేయుట.

మనకు దీనికి తగిన చట్టము లేకపోలేదు. 1996నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీఫలసాయముమీద హక్కును, మత్తుపదార్థములను నిషేధించుటకో నియంత్రించుటకో అధికారమును రెంటిని గ్రామసభకును పంచాయతులకును ఇచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లో దాని నిబంధనలు 2022లో వెలువడినవి. పువ్వుమీద హక్కు, మద్యముమీద అదుపు ఒక్కచేతిలోనే ఉన్నప్పుడు, కాచి అమ్ము అనుమతి రాజధానిలోని ఎక్సైజు కచేరీనుండి రానేల? వద్దన్న ఊరిలో బట్టీ లేకపోవును. సరేనన్న ఊరిలో అక్కచెల్లెండ్ర సంఘము తమ చెట్ల పువ్వును తామే కాచి, తొలిధారను వేరుచేసి, సారమెంతయో పరీక్ష చేయించి, ఊరిపేరును పువ్వు ఏరిన సంవత్సరమును చీటీమీద వ్రాసి అమ్ముకొనును. గనుల ద్వారములకు, కర్మాగారపు గేట్లకు, కూలి ముట్టు దినములకు అది దూరముగా ఉండవలెనను నియమమును గ్రామసభయే పెట్టుకొనవచ్చును. ఖజానావారికి అది చేదుగా ఉండును, ఉండనిండు. మొదట కొండగాం, కాంకేరు, బస్తరు జిల్లాలలో ఒప్పుకొనిన కొలది గ్రామసభలకు ఈ అధికారము నిజముగా విడిచిపెట్టి చూడుడు. పువ్వుకు కిలోకు ముప్పది రూపాయలకంటె ఎంత అధికముగా చేతికందినదో, ఊరిలో త్రాగుడు పెరిగినదో తగ్గినదో, మూడేండ్ల పిమ్మట ఆ ఊరి స్త్రీలనే అడిగి, వారు వద్దన్నచో మూసివేయుడు.